మొదటి అడవిపంది, పొట్టేలు వేట: బడ్జెట్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షిక మొత్తం వేటకే ఇచ్చేశాం. టెక్సాస్‌లో ఉంటున్న మనవాళ్ల నుంచి ఒకే రకం ప్రశ్నలు వరసగా వస్తున్నాయి, విడివిడిగా జవాబులు రాసేకంటే ఒక్కచోట చెప్పేస్తే మేలనిపించింది.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది గుంటూరు వైపు, ఇప్పుడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేనూ నా ఫ్రెండూ ఈ చలికాలం గైడ్‌ని పెట్టుకుని ఒక అడవిపంది, ఒక పొట్టేలు వేటకి వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరికీ ఇదే మొదటిసారి. మనిషికి 1,500 డాలర్లు దాటకూడదు. ఒక రాంచ్ (కంచె వేసి జంతువుల్ని పెంచే పెద్ద భూమి) వాళ్లు రెండూ కలిపి 999 అని ప్రకటన పెట్టారు. నమ్మొచ్చా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, 999 అబద్ధం అయ్యుండదు. కానీ మీరు ఇంటికి తిరిగొచ్చేసరికి జేబులోంచి పోయేది అంత మాత్రమే కాదు. ముందు ఒక విషయం అర్థం చేసుకుంటే మిగతా లెక్కంతా తేలికవుతుంది. పంది చవక, పొట్టేలు ఖరీదు. ఎందుకంటే పంది ఆ భూమి యజమానికి పీడ. స్పెయిన్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు తప్పించుకుని అడవిలో పెరిగాయి, తర్వాత 1930లలో వేట కోసం యూరప్ అడవిపందుల్ని తెచ్చి వదిలారు, రెండూ కలిసిపోయాయి. ఒక్క టెక్సాస్‌లోనే ఇప్పుడు ఇరవై లక్షలకు పైగా ఉంటాయని అంచనా. అమెరికా మొత్తం మీద ఇవి చేసే నష్టం ఏటా 150 కోట్ల డాలర్లకు పైనే అని అక్కడి వ్యవసాయ శాఖ చెబుతోంది. మన దగ్గర వేరుశెనగ, మొక్కజొన్న చేలల్లో పందులు రాత్రికి రాత్రి ఏం చేస్తాయో చూసినవాళ్లకి ఈ లెక్క విడిగా చెప్పక్కర్లేదు. అందుకే పంది పోతే యజమానికి సంతోషం. పొట్టేలు అలా కాదు, దాన్ని ఆయన డబ్బు పెట్టి కొని, కంచె కట్టి, మేత వేసి పెంచుకుంటాడు. మీరు దానికిచ్చేది ఒకరకంగా పశువు ఖరీదే.

ఇప్పుడు లెక్క. ధరలు రాంచ్‌ని బట్టి మారతాయి, నేను వేసేది ఒక మామూలు నమూనా. పంది 300, మంచి కొమ్ములున్న పొట్టేలు 750, రెండు రాత్రుల బస మనిషికి 150, రైఫిల్ అద్దె 75, వేట లైసెన్సు, దానికి చేయాల్సిన కోర్సు కలిపి 55, తూటాలు, షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీసు 120, గైడ్‌కి టిప్ 150, రెండు జంతువుల మాంసం కొట్టించడానికి 250, పెట్రోలు 80, ఐసు, తిండి 70. కూడితే 2,000. ప్రకటనలో కనిపించేది మొదటి రెండు అంకెలే, మిగతావి చిన్న అక్షరాల్లో ఉంటాయి, లేదా అసలు ఉండవు.

మీ 1,500లోకి దీన్ని ఎలా తేవాలి? నేనైతే రెండు చోట్ల కోస్తాను. మొదటిది, కొమ్ముల మోజు వదిలేయండి. పొట్టేలు ధర కొమ్ముల పొడవుని బట్టి, మెలికని బట్టి పెరుగుతుంది. కొమ్ములు చిన్నగా ఉన్న కుర్ర పొట్టేలో, ఆడగొర్రో ఇవ్వగలరా అని అడగండి. మంద పెరిగిపోయిన రాంచ్‌లు వాటిని తగ్గించుకోవాలనే చూస్తుంటాయి, 400 దగ్గర దొరకొచ్చు. మాంసం కూడా లేతగా ఉంటుంది. అక్కడ 350 మిగిలింది. రెండోది, మాంసం మీరే కొట్టుకోండి. తోలు తీసి నాలుగు భాగాలు చేసేదాకా చాలా రాంచ్‌లలో గైడే చేసిపెడతాడు, కొందరు దానికి వేరే తీసుకుంటారు, అడిగి తెలుసుకోండి. అక్కడి నుంచి ఐసు నింపిన కూలర్‌లో ఇంటికి తెచ్చుకుని, ఇద్దరు కలిసి ఒక పూట కూర్చుంటే అయిపోయే పని. ఇంకో 250 మిగిలింది. మొత్తం 1,400కి దిగింది, ఇంకా వంద చేతిలో ఉంది.

కొయ్యకూడని చోట్లు కూడా రెండున్నాయి. ఒకటి ప్రాక్టీసు, రెండోది గైడ్ టిప్. టిప్ వేట ఖరీదులో పది నుంచి ఇరవై శాతం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ, తెల్లవారకముందే లేచి మీతోపాటు చలిలో కూర్చునే మనిషికి అది జీతంలో భాగంలాంటిది. ప్రాక్టీసు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే బడ్జెట్ అనగానే మనవాళ్లు మొట్టమొదట ఎగరగొట్టేది అదే, దానికి మూల్యం చెల్లించేది మాత్రం ఆ జంతువు. డబ్బు చాలకపోతే పొట్టేలు మానుకుని ఒక్క పందితో సరిపెట్టుకోండి, లేదా ఇంకో ఏడాది ఆగండి, అంతేగానీ చేతకాని గురితో వెళ్లి ఒక జీవాన్ని సగం గాయంతో పొదల్లోకి పంపేసే పని మాత్రం చేయొద్దు.

ముందు బేసిక్ సేఫ్టీ క్లాసు తీసుకోండి. తర్వాత .22 రైఫిల్‌తో మొదలుపెట్టండి, తూటాలు చవక, కుదుపు దాదాపు ఉండదు, ట్రిగ్గర్ మీద వేలు ఎలా నొక్కాలో దానితోనే వస్తుంది. ఆ తర్వాత వేటలో వాడబోయే సైజుకి మారండి. కొత్తవాళ్లకి .243 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ చాలు, .308 కూడా మంచిదే. పంది అనగానే పెద్ద తుపాకీ కావాలని కొందరు .30-06 గానీ అంతకంటే పెద్దవి గానీ చేతిలో పెడతారు, రెండు సార్లు భుజం అదిరిందంటే మూడోసారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుపోతాయి, ఇక ఆ అలవాటు వదిలించుకోవడం చాలా కష్టం. రేంజ్‌లో బల్ల మీద ఆనించి మాత్రమే కాల్చి సంబరపడొద్దు. కింద కూర్చుని, మూడు కాళ్ల స్టాండు మీద రైఫిల్ ఆనించి, 100 గజాల దూరంలో పిడికిలంత చోట వరసగా తూటాలు పడేదాకా చేయండి. చెవులకి రక్షణ తప్పనిసరి. రాంచ్‌కి వెళ్లాక, అద్దె రైఫిల్ అయితే, వేటకి ముందు దానితో కనీసం మూడు తూటాలు టార్గెట్ మీద కాల్చనిమ్మని అడగండి. స్కోప్ (రైఫిల్ మీద ఉండే దుర్బిణి) సరిగ్గా జీరో అయ్యి ఉందో లేదో, అంటే గురి పెట్టినచోటే తూటా పడుతోందో లేదో, మీ కళ్లతో మీరు చూడాలి. కుదరదంటే ఆ రాంచ్ మీకు వద్దు.

గురి గురించి ఒక్క మాట. పందికి గుండె, ఊపిరితిత్తులు మనం అనుకునేదానికంటే కిందికి, ముందుకి ఉంటాయి. జింకకి కొట్టినట్టు భుజం వెనక కొడితే తూటా పొట్టలోకి పోతుంది, అది మైళ్ల దూరం నడిచి ఎక్కడో చస్తుంది. పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగండి, ముందుకాలి గీత వెంట పైకి చూసుకుంటూ వెళ్లి, ఒళ్లు ఎత్తులో కింద నుంచి మూడో వంతు దగ్గర ఆపండి. ముదురు మగపందికి భుజాల మీద గట్టి పొర ఒకటి డాలులా పెరిగి ఉంటుంది, మంచి తూటా అయితే దాన్ని దాటుతుంది, చవక రకం అయితే కష్టం. తలకి కొడదామని మొదటిసారే ప్రయత్నించొద్దు. కాల్చాక వెంటనే రెండో తూటా ఎక్కించండి, ఎటు పరిగెత్తిందో గుర్తు పెట్టుకోండి, గైడ్ చెప్పేదాకా మంచె దిగొద్దు. మంచె అన్నానుగా, అక్కడ బ్లైండ్ అంటారు, మన చేలల్లో కాపలా మంచెలాంటిదే, కాకపోతే నాలుగు వైపులా చెక్కో రేకో కట్టి చిన్న కిటికీలు పెడతారు. దాని ఎదురుగా 60 నుంచి 120 గజాల్లో టైమర్ పెట్టిన ఫీడర్ పొద్దునా సాయంత్రం మొక్కజొన్న గింజలు చల్లుతుంది. పందుల వేట ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. పొట్టేలుకి మాత్రం సాధారణంగా నడిచి వెళ్లి, చాటుమాటుగా దగ్గరికి చేరతారు.

ఇక ఫోన్‌లో గైడ్‌ని అడగాల్సినవి. గాయపడి దొరక్కపోతే ఎంత కట్టాలి? నెత్తురు చుక్క కనిపిస్తే పూర్తి ధర కట్టాల్సిందే అనేది చాలాచోట్ల నియమం, అది న్యాయమైన నియమమే, కానీ ముందు తెలిసుండాలి. పంది ఎంత బరువు దాటితే రేటు మారుతుంది? 300కి 150 పౌండ్ల వరకే అని ఉండి, మీరు పెద్దదాన్ని కొడితే బిల్లు పెద్దదే వస్తుంది. చీకటి పడే వేళ బరువు అంచనా వేయడం మీవల్ల కాదు, కాబట్టి గైడ్ చూపించినదాన్నే కొడతాం, ధర ఆయన మాట మీదే ఉండాలి అని ముందే ఒప్పించుకోండి. పందులు గుంపుగా వస్తాయి, తూటా ఒకదాన్ని దాటి వెనకున్నదానికి తగిలితే రెండింటికీ డబ్బు కట్టాలి, అందుకని వెనక ఖాళీగా ఉండేదాకా ఆగడం జేబుకీ మంచిది, జీవానికీ మంచిది. ఏమీ దొరక్కపోతే ఏంటి? ‘కొట్టకపోతే డబ్బు లేదు’ అని కొందరంటారు, అలా అన్నా బస ఖర్చు మాత్రం ఉంటుంది. అడ్వాన్సు వెనక్కి ఇస్తారా, తేదీ మార్చుకోనిస్తారా? కంచె లోపల ఎన్ని ఎకరాలు? ఇది మాత్రం తప్పకుండా అడగండి. కొన్ని వందల ఎకరాల్లో, కొండా పొదా ఉన్నచోట కంచె ఉన్నా జంతువుకి తప్పించుకునే దారి ఉంటుంది. పదీ ఇరవై ఎకరాల దొడ్డిలో మేతకి అలవాటు పడ్డ పొట్టేలుని నిలబెట్టి చూపించేదాన్ని వేట అనను, ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఇవన్నీ మెసేజ్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. సూటిగా రాసివ్వడానికి నసిగేవాళ్లని వదిలేయండి.

ఎప్పుడు వెళ్లాలంటే, జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా. నవంబరు మొదటి వారం నుంచి జనవరి మొదటి వారాల దాకా తెల్లతోక జింకల సీజన్, అప్పుడు మంచెలూ గదులూ జింకల వేటకి వచ్చేవాళ్లకే ఇస్తారు, రేట్లు దిగవు. అది అయిపోగానే రాంచ్‌లు ఖాళీ, బేరానికి వస్తారు, అదీ వారం మధ్యలో అయితే ఇంకా. అడవిలో ఓక్ గింజలు అయిపోయి మేత తగ్గుతుంది కాబట్టి పందులు ఫీడర్ దగ్గరికి బాగా వస్తాయి. చలికి మాంసం చెడదు, తేళ్లు, పాములు, గోమార్ల బెడద తక్కువ. పందికి గానీ ఈ పొట్టేళ్లకి గానీ అక్కడ వేట ఆపేసే కాలం లేదు, ఏడాది పొడుగునా కొట్టొచ్చు. అయినా జులై, ఆగస్టుల్లో చవకగా వస్తోందని వెళ్లొద్దు, ఆ ఎండలో మాంసం త్వరగా పాడవుతుంది.

బట్టలకి డబ్బు తగలేయొద్దు. ఆకుల బొమ్మలున్న డ్రెస్సు లేకపోయినా పంది ఏమీ అనుకోదు, దాని చూపు అంతంతమాత్రం. వాసన మాత్రం గాలి వాలుగా ఉంటే చాలా దూరం నుంచే పట్టేస్తుంది. ముదురు రంగు పాత జీన్సు, చప్పుడు చేయని జాకెట్టు, మంచి బూట్లు చాలు. సెంటు పూసుకోవద్దు, వంటింట్లో తగిలించి తాలింపు వాసన పట్టిన జాకెట్టు వేసుకోవద్దు. పొట్టేలు చూపు చురుకు, కదలకుండా కూర్చోవడం నేర్చుకోవాలి.

ప్రశ్న: నేను హెచ్1బి మీద ఆస్టిన్‌లో ఉంటున్నాను. టెక్సాస్‌లో పందికి లైసెన్సే అక్కర్లేదు, ఊరికే వచ్చేయ్, నా తుపాకీ ఇస్తా అని ఆఫీసులో ఒక అమెరికన్ ఫ్రెండ్ అంటున్నాడు. వెళ్లొచ్చా అన్నా?

జవాబు: ఆగండి. ఇది బాగా జాగ్రత్తగా చదవండి, మీ ఫ్రెండ్ సిటిజన్ కాబట్టి ఆయనకి ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

ఆయన చెప్పింది టెక్సాస్ చట్టం వరకు నిజమే. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పందుల్ని వేటాడడానికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు. కానీ తుపాకీ మీద ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, వేరే ఉంది. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. సొంతానికి కొనడం ఒక్కటే కాదు, ఫ్రెండ్ తుపాకీ చేతిలోకి తీసుకున్నా, గైడ్ దగ్గర అద్దెకి తీసుకున్నా అదే లెక్క. దీనికి మినహాయింపులు కొన్నే ఉన్నాయి, మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. అంటే పందికి రాష్ట్రం లైసెన్సు అడగకపోయినా, మీ వీసా వల్ల మీకు అది కావాలి. రేంజ్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టకముందే తీసుకోండి. నేరం రుజువైతే శిక్ష సంగతి అటుంచి, వీసా, గ్రీన్‌కార్డు అన్నీ ప్రమాదంలో పడతాయి. పాతిక డాలర్ల కాగితం కోసం అంత ప్రమాదం కొనితెచ్చుకోవద్దు, ఇది నా వేడుకోలు అనుకోండి.

టెక్సాస్‌లో ఆరు నెలలకి పైగా వరసగా ఉంటున్నవాళ్లకి రెసిడెంట్ లైసెన్సు వస్తుంది, 25 డాలర్లు. అది ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. ఈ తేదీ మరిచిపోవద్దు, సెప్టెంబరు 1న కొత్తది లేకుండా రేంజ్‌కి వెళితే పైన చెప్పిన మినహాయింపు మీకు లేనట్టే. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లంతా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, 17 ఏళ్లు దాటితే మొత్తం ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. టైము లేకపోతే 10 డాలర్లు కట్టి ఒక్కసారికి వాయిదా వేసుకోవచ్చు, అప్పుడు కోర్సు పాసైన లైసెన్సు ఉన్న మనిషి పక్కనే, మాట వినిపించేంత దగ్గరలో ఉండాలి. నేనైతే వాయిదా వద్దంటాను, ఆ కోర్సులో చెప్పే జాగ్రత్తలు ప్రాణాలు కాపాడేవి.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ వీసా నిషేధం వర్తించదు. గంజాయి సంగతి కూడా చెప్పాలి, కొన్ని రాష్ట్రాల్లో దుకాణాల్లో అమ్ముతున్నా, అది వాడేవాళ్లకి తుపాకీ ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. మీ స్టేటస్‌లో ఏదైనా చిక్కు ఉంటే, అంటే వీసా మారే దశలోనో, గడువు అయిపోయి ఎదురుచూపుల్లోనో ఉంటే, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి తర్వాతే వేట మాట ఎత్తండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. టెక్సాస్‌కి వచ్చి వేటాడాలంటే బయటి రాష్ట్రం లైసెన్సు 300 దాటుతోంది. బడ్జెట్ అక్కడే అయిపోతోంది సర్.

జవాబు: 315 డాలర్లది జింకల్లాంటి వాటన్నిటికీ పనికొచ్చే జనరల్ లైసెన్సు. మీకు అది అక్కర్లేదు. ఐదు రోజుల స్పెషల్ లైసెన్సు 48 డాలర్లకి వస్తుంది, బయటి నుంచి తెచ్చిన జాతుల పొట్టేళ్లకి, పందులకి అది సరిపోతుంది. రైఫిల్ విమానంలో మోసుకురావద్దు, అద్దెకి తీసుకోండి. శాన్ ఆంటోనియో దిగితే కెర్‌విల్, జంక్షన్ వైపు హిల్ కంట్రీలో పొట్టేళ్లున్న రాంచ్‌లు చాలా ఉన్నాయి. మాంసాన్ని గడ్డకట్టించి చెక్-ఇన్ కూలర్‌లో వేసుకోవచ్చు, 50 పౌండ్లు దాటకుండా చూసుకోండి. అయినా నన్నడిగితే, అంతదూరం విమానం ఖర్చు పెట్టుకునేకంటే టెన్నెసీలో పంది, పొట్టేలు రెండూ కలిపి ఇచ్చే చోట్లు ఉన్నాయి, నలుగురు కలిసి ఒక కారులో వెళ్తే తూర్పువైపు ఉన్నవాళ్లకి అదే గిట్టుబాటు.

ప్రశ్న: రేటు కార్డులో టెక్సాస్ డాల్, కోర్సికన్, బ్లాక్ హవాయియన్, మూఫ్లాన్, ఔడాడ్ అని ఉన్నాయి. ఏది తీసుకోవాలి? ఇంకో సంగతి, అందులో కృష్ణజింక, మచ్చల జింక కూడా కనిపించి షాకయ్యాను. అది నేరం కాదా?

జవాబు: మొదటి మూడూ పెంపుడు గొర్రెలకీ మూఫ్లాన్ అనే అడవి గొర్రెలకీ పుట్టిన సంకర జాతులు. తెల్లగా ఉండేది డాల్, నల్లది హవాయియన్, ఎర్రగోధుమ ఒళ్లు, నల్లపొట్ట ఉండేది కోర్సికన్. ఖరీదులో పెద్ద తేడా ఉండదు, మొదటి వేటకి వీటిలో ఏదైనా సరే. ఔడాడ్ వేరు, అది ఉత్తర ఆఫ్రికా కొండల జంతువు, 1950ల చివర్లో టెక్సాస్‌లోని పాలో డ్యూరో లోయలో వదిలారు. కొండలెక్కించి చుక్కలు చూపిస్తుంది, ఖరీదు వేలల్లో ఉంటుంది. అది తర్వాత ఎప్పుడైనా.

కృష్ణజింకా, మచ్చల జింకా మన దేశం నుంచి వెళ్లినవే. 1930ల ప్రాంతంలో టెక్సాస్ రాంచ్‌లకి చేరి అక్కడ బాగా పెరిగాయి. అక్కడ వాటిని వేటాడడం చట్టబద్ధమే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రెండింటికీ రక్షణ ఉంది, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మచ్చల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. అక్కడ తప్పు కాదని తెలిసినా నా చేయి మాత్రం రాదు, అది నా మనసుకి సంబంధించిన విషయం, మీకు నియమం పెట్టడం లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: ఏ జంతువుదైనా కొమ్ములు, తోలు సూట్‌కేసులో పెట్టుకుని ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన చేయొద్దు.

ప్రశ్న: అన్నయ్యా, మా ఆయన ఫ్రెండ్స్‌తో వెళ్లి పంది మాంసం, పొట్టేలు మాంసం తెస్తానంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అడవిపంది మాంసం తింటే రోగాలొస్తాయని చదివాను. టెన్షన్‌గా ఉంది, వండొచ్చా?

జవాబు: చెల్లెమ్మా, వండొచ్చు, మీ భయం మాత్రం సరైనదే. అడవిపందుల్లో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ప్రమాదం తినేటప్పుడు కంటే కోసేటప్పుడే ఎక్కువ, నెత్తురు చేతి మీది గాయం ద్వారానో కంట్లో పడో ఎక్కుతుంది, వారాల తరబడి వదలని జ్వరాలు, కీళ్లనొప్పులు తెస్తుంది. కాబట్టి తోలు తీసేటప్పుడు, పేగులు తీసేటప్పుడు, ఇంట్లో ముక్కలు కొట్టేటప్పుడు కూడా రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాలి. ఆ పని గ్యారేజీలో పెట్టించండి, వంటింటి గట్టు మీద వద్దు. కత్తులు, బల్లలు వేడినీళ్లు, సబ్బు తర్వాత బ్లీచ్ నీళ్లతో కడగాలి. పచ్చి ముక్కలు కుక్కకి వేయొద్దు. మీరు కడుపుతో ఉంటే పచ్చి మాంసం ముట్టుకోకండి, ఆ పనంతా ఆయన్నే చేయమనండి. తర్వాత ఎప్పుడైనా ఆయనకి వదలని జ్వరం వస్తే డాక్టర్‌కి అడవిపందిని కోసిన సంగతి తప్పకుండా చెప్పాలి, లేకపోతే ఆ పరీక్ష చేయాలని వాళ్లకి తట్టదు.

వంటకి వస్తే, పందిలో ట్రైకినెల్లా అనే పురుగు కూడా ఉండొచ్చు. ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతుందని అనుకోవద్దు, అడవి జంతువుల్లో ఉండే కొన్ని రకాలు చలిని తట్టుకుంటాయి. లోపలి దాకా 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ తగలాలి. పది, పదిహేను డాలర్లకి మాంసం థర్మామీటర్ దొరుకుతుంది, కొనేయండి. మనం కుక్కర్‌లో ఉడికించే పద్ధతికి ఇది సమస్యే కాదు, గ్రిల్ మీద సగం కాల్చి తినేవాళ్లకే ఇబ్బంది. ఇంకొకటి, కొవ్వు నీలంగా కనిపిస్తే ఆ మాంసం పారేయండి. పందుల్ని చంపడానికి పెట్టే విషపు ఎరలో గుర్తు కోసం నీలం రంగు కలుపుతారు, అది తిన్న పంది కొవ్వు నీలంగా మారుతుంది. ఈ నీలం సంగతి మీ ఆయనకి బయల్దేరే ముందే చెప్పండి, అక్కడే చూసుకుంటే మోసుకొచ్చే పని తప్పుతుంది.

రుచి సంగతి కూడా చెబుతాను. ముదురు మగపంది కంపు కొడుతుంది, ఎన్ని మసాలాలు వేసినా పోదు. వంద పౌండ్ల లోపు ఆడపంది అయితే మాంసం చక్కగా ఉంటుంది, కొవ్వు తక్కువ, కాబట్టి నూనె కొంచెం ఎక్కువ పడుతుంది. ఆయన్ని అలాంటిదే కొట్టమనండి. వంద పౌండ్ల పంది నుంచి ఎముకలు తీసేస్తే దాదాపు నలభై పౌండ్ల మాంసం వస్తుంది, ఫ్రీజర్‌లో చోటు చూసుకోండి. ముందు తొడ ముక్కలు ఉప్పు, పసుపు పట్టించి ఉడికించి, ఆ నీళ్లు ఇగిరాక ఉల్లిపాయ, మిరియాల పొడి, కరివేపాకుతో వేపుడు చేయండి. పొట్టేలు మాంసం మన మటనే. కుర్రదైతే మామూలుగా, ముదురుదైతే పెరుగులో రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో రెట్టింపు విజిల్స్. గోంగూర వేస్తే ముదురు వాసన తెలియదు. డాలస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ గోంగూరకి లోటు లేదు కదా.

ప్రశ్న: రాత్రిపూట థర్మల్ స్కోప్‌తో పందుల వేట, హెలికాప్టర్ నుంచి వేట వీడియోలు చూశాం. మొదటిసారి డైరెక్టుగా అదే చేస్తే?

జవాబు: రెండూ టెక్సాస్‌లో చట్టబద్ధమే, హెలికాప్టర్ నుంచి పందుల్ని కాల్చే పర్మిషన్‌ని 2011లో సామాన్యులకి కూడా తెరిచారు. ఖర్చు వేలల్లో, కాసేపట్లోనే అయిపోతుంది, మీ బడ్జెట్ ప్రశ్నకి అది జవాబు కాదు. థర్మల్ వేట కాస్త అందుబాటులోనే ఉంటుంది, కానీ స్కోప్‌లో కనిపించేది వేడి ఆకారం మాత్రమే, దాని వెనక ఇల్లుందో, ఆవుందో, మనిషున్నాడో కొత్తవాడికి తెలియదు. ఒకటి రెండు పగటి వేటలు నేర్పుగా చేశాక, నమ్మకమైన గైడ్ దొరికాక వెళ్లండి. ఈలోపు ఆ డబ్బుతో .22 తూటాల డబ్బాలు కొనుక్కుని ప్రతి శనివారం రేంజ్‌కి వెళ్లడం మొదలుపెట్టండి, ముందు లైసెన్సు తీసుకుని.